చాటింపు మనది, మాట వాళ్ళది: మైకు సెట్టు కొనే ముందు కొంచెం చరిత్ర



ఒక ఎస్సీ హాస్టల్ పిల్లలు పోయిన వారం నాకో ప్రశ్న పంపారు. ఏప్రిల్ 14 కోసం చందాలు వేసుకున్నారట. సౌండుకు 30,000 పక్కన పెట్టారు. ప్రతి ఏడాదీ అద్దెకు తెచ్చి డబ్బు పోగొట్టుకునే బదులు ఈసారి సొంతంగా కొనుక్కుందామని ఆలోచన. వాళ్ళలో సగం మంది పాత డీజే బాక్సులు రెండు చూసొచ్చారు. మిగతా సగం "సార్, అవి పల్లెలో చివరి ఇంటిదాకా వినపడతాయా?" అని అడుగుతున్నారు. తెలుగు పాఠాలు చెప్పే నన్ను ఎందుకు అడిగారంటే, నేను వెళ్ళిన ప్రతి సభలోనూ మైకు సరిగా లేదని సణుగుతాను కాబట్టి.

జవాబు చెప్తాను. ఏది కొనాలో, ఏది కొనకూడదో వివరంగానే చెప్తాను. కానీ ముందు కొంత చరిత్ర వినాలి. ఊళ్ళో ఎవరి చప్పుడు ఎంత దూరం పోవచ్చు అన్నది మన దగ్గర ఏనాడూ దుకాణంలో తేలిన విషయం కాదు.

మైకు రాకముందు ఊరికి మైకు మనమే. కాలవకు నీళ్ళు వదిలినా, జాతర పెట్టినా, శిస్తు కట్టమన్నా, గేదె తప్పిపోయినా, ఎవరైనా పోయినా డప్పు మోగాలి. గడ్డి మంట మీద కాచి, తోలు బిగిశాక, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టుకుని వీధి మలుపులో నాలుగు దెబ్బలు వేస్తే తలుపులు తెరుచుకునేవి. ఆ తర్వాత "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలయ్యేది. ఆ వాక్యాన్ని ఒక్కసారి తెలుగు విద్యార్థులుగా చూడండి. బడి గడప తొక్కనివ్వని మనిషి నోట్లో ఊళ్ళోకెల్లా పెద్ద గ్రాంథిక వాక్యం పెట్టారు. గొంతు మాదిగాయనది, వాక్యం కరణంది. అందులో ఒక్క మాట మార్చే హక్కు ఆయనకు లేదు. ఆయన చెప్పాల్సింది అయిపోయాక "ఇక నా సంగతి వినండి" అనే వీలు అసలే లేదు.

ఇది పాత ఊరి ఆచారం మాత్రమే అనుకోకండి. తెల్లవాడి చట్టంలోకీ ఎక్కింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 21వ ఆర్డరు, 54వ రూలు చూడండి. ఆస్తి జప్తు చేసినప్పుడు ఆ ఉత్తర్వును డప్పు కొట్టించి గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ చాటించాలని ఉంటుంది. ఆ రూలు ఇప్పటికీ ఉంది. డప్పు ఎవరు కొడతారో చట్టం చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, ఊరికి తెలుసు. అంబేద్కర్ మరణించాక అచ్చయిన, అంటరానివారి గురించిన రచనలో వాళ్ళ మీద ఊరు మోపిన చాకిరీల పట్టీ ఒకటుంది. సవర్ణుల ఇంట చావో పెళ్ళో అయితే పక్క ఊళ్ళలోని చుట్టాలకు కబురు మోసుకెళ్ళడం అందులో ఒకటి. అంటే కబురు మోయడం మన పని, కబురు మాత్రం మనది కాదు.

మరి మన కబురు ఎట్లా పోయేది? 1917లో బెజవాడలో ఆది ఆంధ్ర మహాజన సభ జరిగింది. భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. 1906లో హైదరాబాదులో జగన్మిత్రమండలి పెట్టినప్పుడు ఆయన జనాన్ని కూడగట్టింది హరికథలతో. గొంతు తప్ప మరో పరికరం లేని కాలంలో వందల మందికి మాట వినిపించాలంటే కథ, తాళం, పాట కావాలి. కళ మీద మోజుతో పట్టుకున్న దారి కాదది, దూరం దాటడానికి పట్టుకున్న దారి. అదే కాలానికి అమెరికాలో యంత్రం తయారైంది. పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు 1915 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాగ్నవాక్స్ గొట్టాలతో పెద్ద జనానికి మాట వినిపించారు. 1930ల నాటికి మన దేశంలో కాంగ్రెస్ సభలకు మోట్వానేల చికాగో రేడియో కంపెనీ లౌడ్‌స్పీకర్లు పెడుతోంది. గాంధీ, నెహ్రూల పాత ఫొటోల్లో మైకు మీద 'చికాగో' అని కనపడేది అందుకే.

ఇప్పుడు ఒక తేదీ పక్కన పెట్టి చూడండి. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. జాతీయ నాయకుడి మాట లక్ష మందికి వినిపించే యంత్రం అప్పటికే దేశంలో ఉంది. ఈ కావ్యంలోని అరుంధతీ సుతుడు మాత్రం తన గోడు కాశీ విశ్వనాథుడికి పంపడానికి ఒక గబ్బిలాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. అదీ పూజారి పక్కన లేనప్పుడు చూసి దేవుడి చెవిలో చెప్పమని. కాళిదాసు మేఘానికి పేరడీ అనీ, సందేశ కావ్య ప్రక్రియ అనీ పరీక్షల్లో రాయిస్తాం. నాకు మాత్రం అది లౌడ్‌స్పీకరు లేనివాడి కావ్యంగా కనపడుతుంది. కబుర్లు చాటే కులంలో పుట్టినవాడికి తన కబురు గుసగుసగా తప్ప చెప్పుకునే చోటు లేదు.

మన వాడకు సొంతంగా వచ్చిన మొదటి పెద్ద చప్పుడు చర్చి గంట. కోస్తాలో ఇది మరవకూడదు. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బోధకుడు పల్లె పల్లె తిరిగాక, కరువు వెనకాలే 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మార్పు గురించి ఎవరి వాదన ఎట్లా ఉన్నా, ఆ తర్వాత పల్లెలో ఒక గంట వేలాడింది. అది మోగితే మోగించినవాడు ఊరి పని మీద లేడు. తన పని మీద ఉన్నాడు.

ఇక యంత్రం ఊళ్ళోకి ఎట్లా వచ్చిందో మా పెద్దనాన్న చెప్పేవాడు. మొదట పంచాయతీ ఆఫీసు మీద రేడియో గొట్టం. తర్వాత గుడి మీద, ఆ తర్వాత టూరింగ్ టాకీసు మీద. మూడింటి నోళ్ళూ ఊరి వైపే. "మనకు వినపడింది వెనకనించి కారిన చప్పుడురా" అనేవాడు. మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు ఊరివాడు. మన పెళ్ళికి ఇస్తే ఇచ్చేవాడు, కానీ ఆంప్లిఫయర్ దగ్గర తనే కూర్చునేవాడు, మైకు స్టాండు నుంచి తీసి మనవాళ్ళ చేతికిచ్చేవాడు కాదు. ఊళ్ళో పెద్ద మనిషికి ఒంట్లో బాగోలేదంటే పాట సగంలో ఆగిపోయేది. పెద్దనాన్న ఇది కోపంగా చెప్పేవాడు కాదు, వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టు చెప్పేవాడు.

కారంచేడు (1985 జులై 17) తర్వాత పుట్టిన దళిత మహాసభ ఊరేగింపులూ సభలూ ఈ లెక్క మార్చాయి. చుండూరు (1991 ఆగస్టు 6) తర్వాత ఇంకా మారింది. అన్నిటికంటే పెద్ద మార్పు 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైంది. ఉద్యమానికి 'దండోరా' అని పేరు పెట్టుకోవడంలోని తెగువ ఇప్పటి పిల్లలకు తెలియడం లేదేమో. దండోరా అంటే ఊరి చాటింపే కదా. ఏ చాకిరీ పేరు మీద మనల్ని పిలిచారో అదే పేరు తీసుకుని, ఈసారి కబురు మాది అన్నారు. చంకన డప్పు, ముందు మైకు, ఆ మైకులో తమ కులం పేరు. మాల మాదిగల మధ్య ఆ తర్వాత జరిగిన వాదాలు ఈ వ్యాసంలో ఎత్తను, వాటికి వేరే భాగం ఉంది. ఇక్కడ నాకు కావలసింది ఒకటే: అదే డప్పు, అదే గొంతు, కానీ వాక్యం మొదటిసారి మనది.

ఇప్పుడు 30,000 సంగతికి వద్దాం.

డీజే వద్దు అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది చెప్పేది "సంస్కారం" గురించి. వాళ్ళ పండగలో బాక్సులు గోడలు కదిలిస్తే ఉత్సాహం, మన పండగలో కదిలిస్తే అల్లరి. ఆ మాట నేను అనను. కుర్రాళ్ళు గుండెల్లో దడ పుట్టేట్టు గంతులేయాలనుకుంటే అది వాళ్ళ హక్కు. నా అభ్యంతరం వేరు. డీజే బాక్సు డబ్బు ఎక్కువ భాగం తినేది లోతు చప్పుడు కోసం, అంటే బేస్ కోసం. మాట అర్థం కావడానికి కావలసింది అది కాదు. టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య చప్పుడు మాత్రమే మోసి ఇన్నేళ్ళు మనుషుల్ని మాట్లాడించింది. మాటలో అచ్చుల బలం కింద ఉంటుంది, హల్లుల పదును పైన ఉంటుంది. క, చ, ట, త, ప, శ, స. వ్యాకరణంలో పరుషాలు, ఊష్మాలు అని చదువుకున్నవే. అవి పోతే 'హక్కు' అన్న మాటలో 'అ', 'ఉ' మిగులుతాయి. వెనక వరసలో కూర్చున్న అవ్వకు మీ ఉపన్యాసం ఉరుములా వినపడుతుంది. ఉరుము గట్టిగానే ఉంటుంది, కానీ అందులో మాట ఉండదు.

గొట్టం మైకు, అంటే హారన్, అందంగా ఉండదు, పాట అందులో రేకు మోతలా ఉంటుంది. కానీ మాట మోయడంలో దాన్ని కొట్టింది లేదు, అదీ తక్కువ కరెంటుతో. లెక్క చూడండి. ఒక్క వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే హారన్ యూనిట్ 105 నుంచి 110 డెసిబెల్ ఇస్తుంది. చిన్న పెట్టె స్పీకరు 90 దగ్గర, మంచి డీజే బాక్సు అంతకంటే కొంచెం పైన. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గుతుంది. మీటరు నుంచి 32 మీటర్లకు అయిదు రెట్టింపులు, అంటే 30 పోతాయి. 106 ఇచ్చే హారన్ ఒక్క వాటుతో అక్కడ 76 డెసిబెల్ ఇస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే మనుషుల గొంతు 60, 65 మధ్య ఉంటుంది. అదే 76 రావాలంటే 90 ఇచ్చే పెట్టెకు 40 వాట్లు కావాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే, చెవికి అది పెద్ద తేడా కాదు. కాబట్టి దుకాణంవాడు "ఇంతకు రెట్టింపు వాట్లు అన్నా" అంటే డబ్బు తీయకండి. అట్టపెట్టె మీద పి.ఎం.పి.ఓ. అని వేలల్లో రాసి ఉంటే అది పక్కన పెట్టి, ఆర్.ఎం.ఎస్. ఎంతో అడగండి. అది చెప్పలేకపోతే ఆ దుకాణం దాటి వెళ్ళండి.

నేనైతే ఇట్లా కొంటాను. కరెంటు మీదా, 12 వోల్టుల బ్యాటరీ మీదా రెండింటితో నడిచే ఆంప్లిఫయర్, వంద వాట్ల లోపుది. మన సభ మధ్యలో కరెంటు పోవడం ఎన్నిసార్లు యాదృచ్ఛికమో మీకు తెలుసు. ట్రాక్టర్ బ్యాటరీ ఒకటి పక్కన ఉంటే ఆ చర్చే రాదు. రెండు హారన్లు, వాటి యూనిట్లు ఒక్కొక్కటి 30, 40 వాట్లవి. అహుజా లాంటి పాత కంపెనీలవి (అది 1940లో ఢిల్లీలో మొదలైంది) అయితే విడిభాగాలు, బాగుచేసేవాళ్ళు మండల కేంద్రాల్లో కూడా దొరుకుతారు. యూనిట్ కాలిపోతే లోపలి డయాఫ్రం ఒక్కటే మార్పించుకోవచ్చు. వైరు పొడుగు ఎక్కువైతే 100 వోల్టుల లైను పద్ధతిలో కట్టించండి. అప్పుడు హారన్లకు పెట్టిన వాట్ల మొత్తం ఆంప్లిఫయర్ వాట్లు దాటకూడదు. ఈ ఒక్కటి పాటించకే సగం ఆంప్లిఫయర్లు కాలిపోతాయి. మిగిలిన డబ్బులో మంచి భాగం మైకులకు పెట్టండి. మనవాళ్ళు స్పీకరు మీద పోసి, మైకు దగ్గర పిసినారితనం చేస్తారు. తీగ మైకులు రెండు చాలు. ఒకటి ఉపన్యాసానికి, ఒకటి డప్పుకో, పాడేవాళ్ళకో. తీగ లేని చవక మైకు జోలికి పోవద్దు, సభ మధ్యలో గొంతు మింగేస్తుంది.

హారన్లు రెండూ ఒకే కర్రకు కట్టి చెరోవైపు తిప్పండి. దూరంగా రెండు చోట్ల పెడితే చప్పుడు సెకనుకు 340 మీటర్లే పోతుంది కాబట్టి, రెండింటి మధ్య దూరంలో తేడా 17 మీటర్లు దాటితే ఒక మాట రెండుసార్లు వినపడటం మొదలవుతుంది. ఎత్తు పది పన్నెండడుగులు ఉండాలి, నోరు చివరి వరస మీదికి కొంచెం వంగి ఉండాలి. అట్లా వంచితే వానకు నీళ్ళు కూడా లోపల నిలవవు. వక్త హారన్లకు వెనక ఉండాలి, లేకపోతే కూత పెడుతుంది.

పాత డీజే బాక్సులు చూసొచ్చిన తమ్ముళ్ళకు ఒక మాట. మీరు ఆ బాక్సులు పెట్టిన వీధిలో డప్పు కొట్టే పెద్దాయన ఎక్కడ నిలబడతాడు? పోయిన ఏడాది ఒక ఊరేగింపులో చూశాను. బాక్సుల బండి ముందు, డప్పులు వెనక, వాళ్ళు కొడుతున్నారని చేతులు కదలడం వల్ల తెలిసింది. మన తాతలు బలవంతాన మోసి, మన నాన్నలు పౌరుషంగా తిరిగి ఎత్తుకున్న వాయిద్యాన్ని మనమే డబ్బిచ్చి నోరు మూయిస్తున్నాం. చెవి పగిలే బేస్ కావాలంటే ఆ ఒక్క గంటకు అద్దెకు తెచ్చుకోండి. కొనేది మాత్రం మిగతా 364 రోజులు పనికొచ్చేది కొనండి: ట్యూషను సెంటరు వార్షికోత్సవం, ఉపాధి కూలీల మీటింగు, భూమి పట్టాల ధర్నా, ఎవరైనా పోతే సంతాప సభ.

చట్టం సంగతి తెలుసుకోకుండా ఏదీ కట్టవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. పండగలకు, సాంస్కృతిక సందర్భాలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వొచ్చు. ఊళ్ళో ఆ 15 రోజులు ఎవరి పండగలకు ఖర్చవుతున్నాయో కాయితం తీయించి చూడండి. సమాచార హక్కు కింద అడగడానికి మంచి ప్రశ్న అది. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు చుట్టూ 100 మీటర్ల మేర ప్రభుత్వం ప్రకటిస్తే అది నిశ్శబ్ద మండలం. 2005 జులై 18 తీర్పులో సుప్రీంకోర్టు, లౌడ్‌స్పీకరు పెట్టిన బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెల్ గానీ, మొత్తం 75 గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదంది. ఇళ్ళ మధ్య పగటి పరిమితి 55, అంటే మీకు మిగిలేది 65. పైన వేసిన లెక్క ఇందుకే వేశాను. మాట వినపడటానికి ఎంత తక్కువ సరిపోతుందో తెలిసినవాడిని పోలీసు బెదిరించలేడు. హారన్ నోరు జనం మీదికి వంచి, ఆంప్లిఫయర్ చప్పుడు మాట వినపడేంత మేరకే తగ్గించి నడపండి.

ఇక్కడ ఇంకో చరిత్ర ఉంది. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు లౌడ్‌స్పీకర్ల మీద ఇచ్చిన పేరున్న తీర్పు ఒక చర్చి మీద. మద్రాసులో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఫిర్యాదు చేస్తే వచ్చింది. ఏ మతమూ మైకుల్లో ప్రార్థన చేయమని చెప్పలేదన్నది ఆ తీర్పు సారం. సూత్రంగా దానితో నాకు పేచీ లేదు. కానీ సూత్రం అందరికీ ఒకే తూకంతో అమలవుతుందా అన్నది పల్లె చర్చి పాస్టరును అడగండి, తెల్లవారుజామున గుడి మైకు విని లేచేవాళ్ళను అడగండి. అనుమతి దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద స్టేషన్లో ముద్ర వేయించుకుని దాచుకోండి. ఇవ్వం అంటే అదే రాసిమ్మనండి. ఊరేగింపునే అడ్డుకుంటే అది వేరే కథ. ఎస్సీ, ఎస్టీలు సామాజిక, సాంస్కృతిక ఊరేగింపు తీయకుండా ఆపడం 1989 చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం అత్యాచార నేరం.

చివరగా, కొనే ముందు చేయాల్సిన పరీక్ష. దుకాణంలో సినిమా పాట పెట్టి చూపిస్తారు, దాన్ని నమ్మవద్దు. సెట్టు ఒక రోజుకు అద్దెకు తెచ్చి పల్లె మధ్య కట్టండి. ఒకరు మైకులో హాస్టల్ హాజరు పట్టీ చదవాలి, పాట కాదు, పేర్లు. ఇంకొకరు చివరి ఇంటి అరుగు మీద, కొంచెం చెవుడున్న ముసలామె పక్కన కూర్చోవాలి. ఆమె ఎన్ని పేర్లు తిరిగి సరిగ్గా చెప్తుందో కాయితం మీద రాయండి. ఆ తర్వాత అదే పట్టీ డీజే బాక్సుల్లో చదవండి. రెండు కాయితాలూ నాకు పంపండి, ఏది కొనాలో అప్పుడు నన్ను అడగక్కర్లేదు. హాజరు పట్టీ ఆడపిల్లల చేత చదివించండి. మన సభల్లో ఆ మైకు వాళ్ళ చేతికి ఎప్పుడొచ్చింది, ఎవరు ఎంతసేపు ఇచ్చారు అన్నది వచ్చే భాగంలో.

(ఇంకా ఉంది)